పాత రామకోవెలను లైబ్రరీ చేయొచ్చా? ఆరాధనా స్థలాల వాడకం మారినప్పుడు ఏది మారుతుంది, ఏది మారదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా ఒక రామకోవెల కనిపిస్తుంది. అది గుడే, కానీ అందులో జరిగేవన్నీ పూజలు కావు. పొద్దున పిల్లలకు ట్యూషన్, మధ్యాహ్నం ముసలివాళ్ల కునుకు, సాయంత్రం భజన, ఎప్పుడైనా ఊరి తగువు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి ఉద్దానంలోని మా మేనత్త వాళ్ల వీధిలో రేకులు, పెంకులు లేచిపోతుంటే జనమంతా రామకోవెలలోకి చేరారు. ఆ వీధిలో స్లాబు ఉన్నది దానికొక్కదానికే. పసిపిల్లలను గర్భగుడి గుమ్మం పక్కనే దుప్పట్లు పరిచి పడుకోబెట్టారు. తెల్లారాక మండపంలోనే మూడు ఇటుకలు పెట్టి గంజి కాచారు. మామూలు రోజుల్లో చెప్పులతో మెట్టెక్కితే కేకలేసే పెద్దాయనే ఆ పూట తన ఇంట్లోంచి ఎండు కొబ్బరి మట్టలు మోసుకొచ్చి పొయ్యిలోకి విరిచి ఇచ్చాడు.

ఆ రోజు అది గుడా, తుఫాను షెల్టరా అని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ ప్రశ్న వస్తోంది. చందాలు పోగై పక్కనే కొత్త గుడి లేస్తుంది, పాతది ఖాళీ అవుతుంది. కుర్రాళ్లు లైబ్రరీ పెడదామంటారు. పెద్దలు, దేవుడున్న చోటు అలా చేయకూడదంటారు. ఇదే ప్రశ్న పెద్ద రూపంలో సుప్రీంకోర్టులో ఉంది: 1991 నాటి ఆరాధనా స్థలాల చట్టం చెల్లుతుందా లేదా అన్న కేసు. టీవీ చర్చల్లో ఊరి గుడి, అయోధ్య, వక్ఫ్ భూములు, చర్చి ఆస్తులు అన్నీ ఒకే మూటలో కట్టేస్తున్నారు. ఆ మూట విప్పి ఒక్కొక్కటి విడిగా చూడాలని ఈ వ్యాసం.

ఒక కట్టడం, నాలుగు సంగతులు

ఆరాధనా స్థలం అనగానే మనసులో ఒకే బొమ్మ కదులుతుంది గానీ, అందులో నాలుగు వేరువేరు సంగతులు ఉన్నాయి. మొదటిది గోడలు, స్లాబు, స్తంభాలు, అంటే కట్టడం. రెండోది దాని కింద ఉన్న స్థలం, దాని కాగితాలు. మూడోది ప్రతిష్ఠ, అంటే ఆ చోటు పవిత్రమైందని ఆ మతం వాళ్లు తమ పద్ధతిలో చేసిన క్రియ. నాలుగోది వాడకం, రోజూ అక్కడ జనం ఏం చేస్తున్నారన్నది.

ఈ నాలుగూ ఒకేసారి మారవు, ఒకరి చేతిలోనూ ఉండవు. కట్టడాన్ని మేస్త్రీ మార్చగలడు. స్థలం మారాలంటే కాగితం కావాలి. ప్రతిష్ఠను పురోహితుడో, బిషప్పో చూడాలి. వాడకాన్ని ఊరి జనమే మార్చేస్తారు, ఒక్కోసారి తమకే తెలియకుండా. గొడవలు ఎక్కువగా ఎక్కడ పుడతాయంటే, ఒకరు వాడకం గురించి మాట్లాడుతుంటే ఎదుటివారు ప్రతిష్ఠ గురించి వింటారు.

లౌకికం అన్న మాట కూడా ఒకసారి చూసుకోవాలి. అది దేవుడికి వ్యతిరేకమైనది కాదు. లోక వ్యవహారానికి సంబంధించినది, అంతే. బడి, ఆసుపత్రి, రేషను డిపో, గ్రంథాలయం అన్నీ లౌకికాలే.

పవిత్రత వచ్చేది ఎలా, పోయేది ఎలా

దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ వినాయక చవితి పందిరి. రోడ్డు పక్క జాగాలో వెదుళ్లు పాతి, పైన టార్పాలిన్ కప్పుతారు. విగ్రహం తెచ్చి ప్రాణప్రతిష్ఠ చేసిన క్షణం నుంచి అక్కడ చెప్పులు విప్పుతాం. తొమ్మిది రోజులయ్యాక ఉద్వాసన చెప్పి, విగ్రహాన్ని కొంచెం కదిపి, నిమజ్జనానికి తీసుకెళ్తాం. మర్నాడు ఆ వెదుళ్లు సప్లై షాపుకి తిరిగి వెళ్లిపోతాయి, అదే జాగాలో ఆటో ఆగుతుంది. ఎవరికీ పాపం అనిపించదు. స్థలం మారలేదు, కట్టడం తాత్కాలికం, కానీ ప్రతిష్ఠ వచ్చింది, పద్ధతిగా వెళ్లింది. ఇప్పుడు పేపర్లలో ఎవరినైనా పదవి నుంచి తీసేస్తే ఉద్వాసన అని రాస్తున్నాం గానీ, ఆ మాట అసలు పుట్టింది దేవుణ్ణి మర్యాదగా సాగనంపడానికి.

శాశ్వతమైన గుళ్లలో ఇదే పని ఇంకా లోతుగా జరుగుతుంది. జీర్ణోద్ధారణ సమయంలో మూలవిరాట్టులోని కళను కుంభంలోకి తీస్తారు. దాన్ని కళాపకర్షణ అంటారు. పని జరిగినన్నాళ్లూ పూజలు బాలాలయంలో సాగుతాయి. అంటే కొన్ని నెలల పాటు ఒక మామూలు గది గుడి అవుతుంది, వందల ఏళ్ల గుడిలో మేస్త్రీలు సిమెంటు కలుపుతారు. పని పూర్తయ్యాక కుంభాభిషేకం, సంప్రోక్షణ. కాబట్టి దేవుణ్ణి ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లే దారి ఆగమాల్లోనే ఉంది. అది అపచారం కాదు, దారి తప్పి చేస్తేనే అపచారం.

క్రైస్తవంలో శాఖను బట్టి మారుతుంది. మన రెండు జిల్లాల్లో కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 19వ శతాబ్దం చివరి నుంచి పని చేశారు. బాప్టిస్టు సంప్రదాయంలో చర్చి అంటే విశ్వాసుల సమూహం. మనవాళ్లు దాన్ని సంఘం అనే అంటారు. సంఘం వేరే చోట కూడితే అదే చర్చి, పాత గోడలకు ప్రత్యేకమైన పవిత్రత అంటి ఉండదు. కేథలిక్కుల పద్ధతి వేరు. వాళ్ల చర్చిని బిషప్పు ప్రతిష్ఠిస్తారు. దాన్ని ఆరాధనకు వాడే వీలు లేకపోతే, లేదా ఇతర బలమైన కారణాలు ఉంటే, లౌకిక వాడకానికి ఇవ్వొచ్చని 1983 నాటి వాళ్ల ధర్మశాస్త్రంలో 1222వ నియమం చెబుతుంది. కానీ ఆ వాడకం అగౌరవమైనది కాకూడదన్నది షరతు. లైబ్రరీకి ఇవ్వొచ్చు, సారా దుకాణానికి ఇవ్వకూడదు అన్నమాట.

ఇస్లాంలో నమాజు శుభ్రమైన ఏ నేల మీదైనా చేయొచ్చు. పొలం గట్టు మీద నమాజు చేసినంత మాత్రాన అది మసీదు అయిపోదు. కానీ ఒక స్థలాన్ని మసీదుగా వక్ఫ్ చేస్తే సంగతి వేరు. ఆ స్థలం అల్లాకు అర్పించినట్టే, మనుషుల యాజమాన్యం అక్కడితో ఆగిపోతుంది. సున్నీల న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హనఫీలో ఎక్కువమంది పండితుల మాట ప్రకారం, కట్టడం కూలినా ఆ చోటు మసీదే.

ఒకరికి సాగనంపే పద్ధతి ఉంది, ఒకరికి గోడలు ముఖ్యం కాదు, ఒకరికి నేలే శాశ్వతం. ముగ్గురికీ ఒకే కొలబద్ద పెడితే ముగ్గురికీ అన్యాయమే అవుతుంది.

కోర్టు మొదట అడిగేది: స్థలం ఎవరిది?

మన దేశంలో ప్రతిష్ఠ జరిగిన హిందూ దేవుడు చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. ఆస్తి కలిగి ఉండొచ్చు, కేసు వేయొచ్చు. అయితే తన పనులు తాను చూసుకోలేని మైనరు లాంటివాడు. ధర్మకర్త సంరక్షకుడే గానీ యజమాని కాడు. కలకత్తాలోని ఒక కుటుంబం తమ ఇలవేల్పును ఒక చోటి నుంచి మరో చోటికి కదిలించే విషయంలో పోట్లాడుకుంటే, 1925లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టు) ఆ దేవుడి తరఫున కూడా విడిగా వాదన వినాలని చెప్పింది. వంద ఏళ్ల కిందటి ఆ మాట ఇప్పటికీ ఊరి గుళ్ల కేసుల్లో వినిపిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ఆలయాలు, సత్రాలు, ధర్మసంస్థల మీద 1987 నాటి దేవాదాయ చట్టం వర్తిస్తుంది. గుడి స్థిరాస్తిని అమ్మాలన్నా, మార్పిడి చేయాలన్నా కమిషనర్ ముందస్తు అనుమతి కావాలి. వక్ఫ్ విషయంలో 1998లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కేసులోనే, ఒకసారి వక్ఫ్ అయితే ఎప్పటికీ వక్ఫే అన్న సూత్రాన్ని స్పష్టం చేసింది. 2025లో వక్ఫ్ చట్టానికి చేసిన సవరణల మీద ఇంకా కోర్టులో వాదనలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22-ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అంటే జనానికి టెన్షన్. అందులో దేవాదాయ, వక్ఫ్ భూములు కూడా ఉంటాయి. చర్చిలకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు. వాటి ఆస్తులు సాధారణంగా ట్రస్టుల పేరునో, సొసైటీల పేరునో ఉంటాయి, కాబట్టి ఆ ట్రస్టు పత్రంలో ఏం రాశారన్నదే కీలకం.

ఇవేవీ కాని స్థలాలు చాలా ఉన్నాయి. గ్రామకంఠంలో (ఊరి ఇళ్లున్న ఉమ్మడి జాగాలో) కట్టిన గుడి, పోరంబోకులో లేచిన మందిరం, రోడ్డు మార్జిన్‌లో వెలసిన ప్రార్థనా స్థలం. 2009 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇకపై వీధుల్లో, పార్కుల్లో, ప్రభుత్వ స్థలాల్లో ఏ మతం వాళ్లూ అనుమతి లేకుండా కట్టకూడదని ఆదేశించింది. అప్పటికే ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పరిశీలించమని రాష్ట్రాలకు చెప్పింది. చవితి పందిరి లాంటి తాత్కాలికానికి, రోడ్డు మధ్య స్లాబు వేసిన శాశ్వతానికి ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది.

ప్రాజెక్టుల కింద ఊళ్లు ఖాళీ చేసినప్పుడు మరో చిక్కు. వంశధార, తోటపల్లి పనుల్లో ఇళ్లు వదిలిన వాళ్లకు ఇది కొత్త కాదు. ఊరు పోతే గుడీ పోతుంది. 2013 నాటి భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో పునరావాస కాలనీలో ఉండాల్సిన వసతుల జాబితా ఉంది. అందులో ప్రతి యాభై కుటుంబాలకు ఆరాధనా స్థలం, జనం కూర్చునే చెట్టు కింది అరుగు అని ఒకే వరుసలో రాశారు. ఆ జాబితా ఎవరు రాశారో గానీ, గుడినీ రచ్చబండనూ పక్కపక్కన పెట్టినవాళ్లకు మన ఊరు తెలుసు అనిపిస్తుంది నాకు.

1991 చట్టం దేన్ని ఆపుతుంది?

ఈ చట్టం గురించి జనంలో రెండు అపోహలు ఉన్నాయి. ఒకటి, అది అన్ని మార్పులనూ ఆపుతుందని. రెండు, అది ఒక మతం కోసమే చేసిందని. చట్టం చెప్పేది ఇది: 1947 ఆగస్టు 15న ఒక ఆరాధనా స్థలానికి ఏ మత స్వరూపం ఉందో అదే కొనసాగాలి. ఒక మతం ఆరాధనా స్థలాన్ని మరో మతం ఆరాధనా స్థలంగా ఎవరూ మార్చకూడదు. ఒకే మతంలో ఒక శాఖ నుంచి మరో శాఖకూ మార్చకూడదు. మారిస్తే మూడేళ్ల దాకా జైలు. అయోధ్యను ఆ చట్టమే మినహాయించింది. పురాతన కట్టడాల చట్టం కిందకు వచ్చేవాటికీ వర్తించదు.

ఉదాహరణకు, ఒక శివాలయాన్ని వైష్ణవాలయం చేయాలనుకుంటే ఈ చట్టం అడ్డుపడుతుంది, ఇద్దరూ హిందువులే అయినా సరే. ఒక మసీదును గుడి చేయాలన్నా, గుడిని చర్చి చేయాలన్నా అంతే. కానీ పాత భజన మందిరంలో చదువుకునే గది పెడితే? మార్చకూడదని నిషేధించే సెక్షన్ మాట్లాడేది ఒక ఆరాధన నుంచి మరో ఆరాధనకు మార్చడం గురించి. బడి, లైబ్రరీల ఊసు అందులో లేదు. ఒక ఇంటిని ప్రార్థనా మందిరం చేసుకోవడం కూడా దాని పరిధి కాదు. ఆ ప్రశ్నలకు స్థలం కాగితాలు, దేవాదాయ చట్టం, ట్రస్టు పత్రాలు, కట్టడాల అనుమతులే జవాబు చెప్పాలి.

చట్టం చెల్లదనేవాళ్లు, చరిత్రలో జరిగిన అన్యాయాన్ని కోర్టులో అడిగే హక్కును 1947 అన్న ఒక తేదీతో మూసేయడం సరికాదంటారు. చట్టం ఉండాలనేవాళ్లు, ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే ప్రతి ఊరిలో తవ్వకం మొదలవుతుందంటారు. 2019లో అయోధ్య తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సెక్యులర్ విలువలకు రక్షణగా ప్రస్తావించింది. 2024 డిసెంబరు 12న, కేసు తేలే దాకా ఇలాంటి కొత్త దావాలు నమోదు చేయొద్దని, పెండింగ్ దావాల్లో సర్వే లాంటి ఆదేశాలు ఇవ్వొద్దని కింది కోర్టులకు చెప్పింది.

మన కొండల మీద పొరలు పొరలుగా

చేతులు మారిన పవిత్ర స్థలాలు చూడటానికి దూరం వెళ్లక్కర్లేదు. విజయనగరం పక్కన రామతీర్థంలో కొండ కింద రాముడి గుడి. ఆ కొండల్లోనే బోధికొండ మీద జైన శిల్పాలు, గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలు. మూడు మతాలూ అదే రాళ్ల మధ్య నీడ వెతుక్కున్నాయి. బౌద్ధులు వెళ్లిపోయింది ఎలా, ఎందుకు అన్నది చరిత్రకారులు తేల్చాల్సిన పని. ఇవాళ ఆ మెట్లెక్కే భక్తుడికి కొండ పేరులోనే బోధి ఉందని గుర్తుంటే చాలు.

శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది. 1919లో ఆ బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చింది మన వాడుక భాషా ఉద్యమ పితామహుడు గిడుగు రామమూర్తి పంతులు గారే. ఇటుక స్తూపాలు, చైత్యగృహాలు, అక్కడే మ్యూజియం. అక్కడ ఇప్పుడు పూజ లేదు, పరిరక్షణ ఉంది. ఒకప్పటి ఆరాధనా స్థలం చదువుకునే స్థలమైంది.

అదే వంశధార ఒడ్డున శ్రీముఖలింగం చూడండి. తూర్పు గాంగుల కాలపు మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు. ఇవి కూడా పురావస్తు శాఖ రక్షణలోనే ఉన్నాయి, కానీ శివరాత్రి జాతరకు జనం ఇసక వేస్తే రాలనంత. ఒకే శాఖ, ఒకే చట్టం, రెండు తీర్లు. పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడం ఆరాధనా స్థలమైతే, దాని స్వభావానికి విరుద్ధమైన పనికి వాడకూడదు. పూజ ఆగిపోయిన చోట మాత్రం, శాఖ తన చేతిలోకి తీసుకున్నాక కొత్తగా మొదలుపెట్టనివ్వదు. పురావస్తు శాఖ చేతికి వచ్చిన నాటికి దీపం వెలుగుతోందా లేదా అన్నదే తేడా.

ఒకే మతంలోని శాఖల మధ్య మార్పు జ్ఞాపకం కూడా మనకుంది. శ్రీకూర్మం ఒకప్పుడు శైవ క్షేత్రమని, రామానుజుల రాకతో వైష్ణవ క్షేత్రమైందని స్థల కథ. 1991 చట్టం అప్పుడు ఉంటే అన్న ఊహ మనసులో మెదలక మానదు.

రోడ్డే కోవెల అయిన రోజు

లౌకికం నుంచి పవిత్రానికి వెళ్లే దారి చూడాలంటే విజయనగరంలో దసరా తరవాత వచ్చే మంగళవారం చాలు. మామూలు రోజుల్లో మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఉన్నది బజారు రోడ్డు. సిరిమానోత్సవం నాడు పైడితల్లి అమ్మవారి పూజారిని మోస్తూ సిరిమాను, అంటే పొడవాటి చెట్టు మాను, ఆ రోడ్డు మీదే గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. జనం చేతులు జోడించేది రోడ్డు మీదే, అరటిపళ్లు విసిరేదీ రోడ్డు మీదే. చీకటి పడ్డాక మున్సిపాలిటీ వాళ్లు ఊడ్చేస్తే మళ్లీ బజారు.

కోట సంగతీ అంతే. 1713లో పునాది పడిన ఆ కోటలో ఇప్పుడు మాన్సాస్ ట్రస్టు కళాశాలలు నడుస్తున్నాయి. పి.వి.జి. రాజు 1958లో పెట్టిన ట్రస్టు అది. ఏడాదిలో ఒక్కరోజు మాత్రం ఆ కోట గోడ అమ్మవారికి మొక్కే చోటవుతుంది. అందుకని కళాశాల గుడి అయిపోలేదు. వాడకం వచ్చి వెళ్లింది. స్థలమూ కట్టడమూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

వాడకానికి కూడా హద్దులున్నాయి. 1988 నాటి ఒక కేంద్ర చట్టం గుడి, మసీదు, చర్చి ఆవరణలను రాజకీయ కార్యకలాపాలకు వాడితే అయిదేళ్ల దాకా జైలు అంటుంది. పోలింగ్ కేంద్రాలు ఆరాధనా స్థలాల్లో పెట్టొద్దని ఎన్నికల సంఘం సూచనలు ఉన్నాయి. ఆరాధనకే వాడే చోటుకు మున్సిపాలిటీ ఆస్తి పన్ను మినహాయిస్తుంది. గుడి ముందు అద్దెకిచ్చిన కొట్టుకు ఆ మినహాయింపు రాదు. కాబట్టి వాడకం మారితే పన్ను లెక్క కూడా మారొచ్చు.

ఇస్తాంబుల్‌లో ఒక మాట, మాస్ట్రిక్ట్‌లో ఒక మాట

ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా 537లో చర్చిగా తెరుచుకుంది. 1453లో మసీదైంది, 1934 నిర్ణయంతో మ్యూజియం అయింది, 2020లో మళ్లీ మసీదైంది. అక్కడ ప్రతి మార్పూ రాజ్యం చేసిన ప్రకటన. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పట్టణంలో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చి కథ వేరు. ఒక దశలో సైకిళ్లు పెట్టుకునే చోటుగా మిగిలి, 2006లో పుస్తకాల దుకాణమైంది. ఆ 2006 మార్పు ఎవరి ఓటమీ కాదు. 18వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి సేనల రాకతోనే ఆరాధన ఆగిపోయిన కట్టడానికి, రెండు శతాబ్దాల తరవాత దొరికిన కొత్త పని. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్లే మన చర్చలు వేడెక్కుతాయి. ఎవరినో వెళ్లగొట్టి మార్చడం వేరు, ఆరాధన ఎప్పుడో ఆగిపోయిన చోటును మార్చడం వేరు.

పాత రామకోవెల లెక్క కడదాం

మొదటి ప్రశ్నకు వద్దాం. ఒక ఊరు అనుకుందాం. పాత రామకోవెల ఒక గది, ముందు మండపం. పక్క వీధిలో కొత్త గుడి కట్టి విగ్రహాలు ప్రతిష్ఠించారు. పాతది ఖాళీగా ఉంది.

పెద్దల భయం ప్రతిష్ఠ గురించి. ఇక్కడ తేలాల్సింది, పాత గదిలో ఉన్నవి విగ్రహాలా, పటాలా అని. చాలా రామకోవెలల్లో సీతారాముల పటం పెట్టి భజన చేస్తారు గానీ ప్రాణప్రతిష్ఠ జరిగి ఉండదు. అలాంటప్పుడు ఉద్వాసన ప్రశ్నే చిన్నదవుతుంది. శిలావిగ్రహం ఉండి, దాన్ని కళాపకర్షణ చేసి పద్ధతిగా కొత్త గుడికి చేర్చి ఉంటే, పాత గది మీద దేవుడి కళ లేదని శాస్త్రమే చెబుతుంది. అయినా తరతరాలు దండం పెట్టిన గుమ్మం ఖాళీ గుమ్మం అయిపోదు. ఆ మనసును కాదనడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ మొక్కుల్లో మా అమ్మమ్మవీ ఉన్నాయి.

కుర్రాళ్ల వాదన అవసరం గురించి. ఊళ్లో చదువుకునే గది లేదు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కల్వర్టు మీద కూర్చుంటున్నారు, ఇక్కడ స్లాబు కింద ఫ్యాను ఖాళీగా ఉంది. మూడో గొంతు కట్టడం గురించి. ఊరి జనం శ్రమదానం చేసి లేపిన గోడలు, తలుపు మీద చెక్కిన చిలకలు. వాడకం ఆగితే రెండు వానాకాలాల్లో చెదలు తినేస్తుంది. దేనికి వాడినా సరే, వాడండి అంటుందా గొంతు.

ముగ్గురి మాటా నిజమే. తేలాల్సింది స్థలం. గ్రామకంఠమా, ఎవరైనా రాసిచ్చిన దానపత్రం ఉందా, దేవాదాయ శాఖ సెక్షన్ 43 రిజిస్టర్‌లో ఆ కోవెల పేరు ఉందా? పేరు ఉంటే ఊళ్లో కూర్చుని చేసిన తీర్మానం సరిపోదు, శాఖ అనుమతి కావాలి. దానపత్రంలో సీతారాముల నిత్య పూజకు అని రాసి ఉంటే ఒక దారి, ఊరి ధర్మకార్యాలకు అని రాసి ఉంటే మరో దారి. ఆ ఒక్క వాక్యం మీద ఎంత ఆధారపడి ఉంటుందో కాగితం చూసేదాకా ఎవరికీ తెలియదు.

కాగితం ధర్మకార్యాలకు అనే అంది అనుకుందాం. రిజిస్టర్‌లో పేరు లేదు. ఊరి తీర్మానంలో గుడిని లైబ్రరీగా మార్చడమైనది అని రాస్తే పెద్దలు సంతకం పెట్టరు. మండపాన్ని చదువుకోవడానికి వాడుకోవడమైనది, లోపలి గది యథాతథంగా ఉంచడమైనది అని రాస్తే పెడతారు. లోపల పటం అక్కడే ఉంటుంది, శనివారం ఎవరో ఒకరు దీపం పెడతారు. బయట బల్లలు, దినపత్రికలు, కుర్రాళ్లు. శ్రీరామనవమి ముందు రోజు పుస్తకాల అల్మరాలు గోడవారకు జరుగుతాయి, మండపం నడుమకు పానకం బిందె వస్తుంది. మర్నాడు మళ్లీ ఆ రోజు పేపరు.